పదకొండో లీవరు మీది గుడ్డ

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఆకాశం నిండా ఒకే మందాన మబ్బు పట్టి ఉంది. వాన లేదు, గాలి లేదు. రైల్వే మ్యూజియం గేటు పక్కన గోడకు తగిలించిన ఉష్ణమాపకంలో పాదరసం ఇరవై ఆరు దగ్గర నిలబడింది. పెద్దావిడ ఆ అంకె చదివింది, పైనున్న గడియారం చదివింది, రెండింటినీ మనసులో ఓ మూల పెట్టుకుంది. ముప్పై మూడేళ్లపాటు వాతావరణ కేంద్రంలో పూటపూటా గాలినీ తేమనూ వాననూ కొలిచి పుస్తకంలోకి ఎక్కించిన మనిషి. ఉద్యోగం మానేసి పుష్కరం దాటినా ఆ అలవాటు మాత్రం మానలేదు.

"ఏమంటోందక్కా నీ గాజు గొట్టం?" అన్నాడు తమ్ముడు.

"ఇరవై ఆరంటోంది."

"అయితే ఈ గొడుగు వట్టి దండగ మోత."

"మూడు గంటలకు పడుతుంది. మోయి."

అతను గొడుగును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. అరవై ఆరేళ్లు వచ్చాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో మ్యూజియం వాళ్లు రాసిన ఉత్తరం పెట్టుకుని, ఇంటి దగ్గర్నుంచి ఇప్పటికి నాలుగుసార్లు జేబు తడుముకున్నాడు. ఉత్తరంలో ఉన్నది ఇంతే. అతను పాతికేళ్ల వయసులో పనిచేసిన సిగ్నల్ కేబిన్‌ను, ఆ స్టేషన్ పడగొట్టేటప్పుడు, మ్యూజియం వాళ్లు చెక్కకు చెక్క ఊడదీసి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అందులో పనిచేసినవాళ్లలో ఇప్పుడు బతికున్నది అతనొక్కడే. వచ్చి చూసి, పక్కన పెట్టబోయే పలక మీది వివరాలు సరిగ్గా ఉన్నాయని ఒక సంతకం పెడితే, ఆ సాయంత్రమే పలకను అచ్చుకు పంపుతారు.

ఆ పలకలో ఏముంటుందో అక్కకూ తెలుసు, తమ్ముడికీ తెలుసు. అందులో అసలు అబద్ధమేదో అక్కకు మాత్రమే తెలుసు. ఆ సంగతి తెలిసిన ఇంకొకాయన, అంటే ఆవిడ భర్త, రెండేళ్ల కిందట పోయాడు. తమ్ముడు సంతకం పెట్టేలోగా నోరు విప్పాలా వద్దా అన్నది ఆవిడ ఉత్తరం వచ్చిన రోజునుంచీ ఆలోచిస్తూనే ఉంది. ఆలోచించడమే తప్ప ఏమీ అనిపించడం లేదు. భయం వేస్తుందేమోనని చూసింది, వేయలేదు. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. పంటి డాక్టరు మత్తుసూది పొడిచాక సొంత పెదవిని వేలితో తాకితే ఎవరి పెదవో తాకినట్టుంటుందే, అలా ఉంది.

మొదటి హాలు మధ్యలో ఒక ఆవిరి ఇంజన్ను నిలువునా సగానికి కోసి, లోపలి గొట్టాలకు తలో రంగు వేసి పెట్టారు. ఎవరైనా బొత్తాం నొక్కితే చక్రాలు నేలకు జానెడు ఎత్తున గాలిలో తిరుగుతాయి. స్కూలు పిల్లల గుంపొకటి వంతులవారీగా నొక్కుతోంది.

"బావ కూడా రిటైరయ్యాక ఇట్లాగే ఉండేవాడు," అన్నాడు తమ్ముడు. "చక్రాలు తిరిగేవి, బండి కదిలేది కాదు."

నవ్వాల్సిన మాటని ఆవిడకు తెలిసింది. నవ్వింది.

గాజు బీరువాల్లో టికెట్లకు చిల్లులు వేసే పంచ్‌లు, చమురు దీపాలు, చెమట మరకలు అలాగే ఉన్న టోపీలు ఉన్నాయి. తమ్ముడు ప్రతి బీరువా దగ్గరా ఆగి, ఆ దీపం వత్తి ఇలా కత్తిరించరనీ, ఆ జెండా కర్రకు తలకిందులుగా చుట్టారనీ తప్పులు పడుతూ నడిచాడు. వాటి దగ్గర కాలయాపన చేస్తున్నాడని ఆవిడకు అర్థమైంది. తొందరపెట్టలేదు.

రెండో హాలు గుమ్మంలో క్యూరేటరు ఎదురొచ్చింది. పాతికా ముప్పై మధ్య వయసు, చేతిలో ఫైలు, చెవి వెనక పెన్సిలు, గబగబా మాట.

"సర్, మీరేనా? రండి రండి. అమ్మా, మీరు...?"

"వాళ్లక్కను."

"మా అక్క అంటే, ఆ కేబిన్‌లోనే పొద్దుటి డ్యూటీ చేసిన మా బావగారి భార్య అన్నమాట," అన్నాడు తమ్ముడు. "నేను మధ్యాహ్నం డ్యూటీ. ఒక్క కుటుంబమే పదహారు గంటలు బండ్లు నడిపింది."

"అయితే ఇద్దరూ మాకు దొరికిన పెన్నిధి," అంది క్యూరేటరు.

హాలు చివర్న కేబిన్ నిలబడి ఉంది. కింద ఇటుక గోడ, పైన చుట్టూ అద్దాల కిటికీలున్న చెక్క గది. పక్కనుంచి మెట్లు. తమ్ముడు కమ్మీ పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. పద్నాలుగో మెట్టు ఎక్కాక కాలు మళ్లీ పైకెత్తి, అక్కడ మెట్టు లేక ముందుకు తూలాడు. క్యూరేటరు చప్పున భుజం పట్టుకుంది.

"పద్దెనిమిదుండాలమ్మాయ్. నాలుగు మింగేశారు."

"అడుగున నాలుగూ కుళ్లిపోయాయి సర్. ఈ హాలు కప్పు ఎత్తు కూడా చాల్లేదు."

"నా కాలికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు."

లోపల వరసగా ఇరవై నాలుగు లీవర్లు, మనిషి ఛాతీ ఎత్తున, నేల పలకల్లోంచి పైకి లేచి ఉన్నాయి. సిగ్నళ్లవి ఎరుపు, పట్టాలు మార్చేవి నలుపు, పనిలేనివి తెలుపు. అన్నింటికీ పైన పిడి మాత్రం రంగు లేని ఉక్కు, అద్దంలా మెరుస్తోంది. పక్కన పొడుగాటి బల్ల, దాని మీద రిజిస్టర్లు, గోడకు గంట. కిటికీ కింద ఆరు మేకులకు ఆరు ఇనుప కాలర్లు వేలాడుతున్నాయి. అరచెయ్యంత ఇనుప పట్టీలవి. లీవరు పిడికి తొడిగితే దాన్ని పట్టుకోవడానికి వీలుండదు. ముందు లైను మీద మనుషులున్నారు, ఈ సిగ్నల్ ఇవ్వొద్దు అని కేబిన్‌మన్ తనకు తానే చేసుకునే హెచ్చరిక అది.

తమ్ముడు పదకొండో లీవరు ముందుకు వెళ్లి, జేబులోంచి చేతిరుమాలు తీసి పిడికి చుట్టి, అప్పుడు పట్టుకున్నాడు.

"ఎందుకు సర్ రుమాలు?"

అతను తన చేతిని తానే చూసుకున్నాడు. "ఆఁ... ఇదా? ఉక్కును వట్టి చేత్తో పట్టుకోకూడదు. చెమట తగిలితే తెల్లారేసరికి తుప్పు. కేబిన్‌లో ఎవరైనా సరే గుడ్డతోనే లాగాలి. ఇనస్పెక్టరు వచ్చినా గుడ్డ అందించేవాళ్లం. ఏటా ఒక కేబిన్‌కు షీల్డు ఇచ్చేవాళ్లు. మాకు వరసగా మూడేళ్లు వచ్చింది. బావ ఈ పిడులను రోజూ బూడిద పెట్టి తోమేవాడు. మా అక్క గిన్నెలు కూడా అంత మెరవలేదు."

"నా గిన్నెలు ఆయన తోమలేదు కనుక," అంది పెద్దావిడ.

క్యూరేటరు నవ్వి, ఫైల్లోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. పలక నమూనా. అక్షరాలు పెద్దవిగా ఉండడంతో ఆవిడ నిలుచున్న చోటునుంచే చదవగలిగింది.

'నలభై ఒక్క ఏళ్ల కిందట ఈ కేబిన్‌లో మధ్యాహ్నం రెండు గంటలకు డ్యూటీ మారింది. కొత్తగా డ్యూటీలోకి వచ్చిన కేబిన్‌మన్ పదకొండో లీవరుకున్న హెచ్చరిక కాలరును మరుపున తొలగించి సిగ్నల్ ఇచ్చాడు. రెండూ ఇరవైకి గూడ్సు బండి ఢీకొని, తోపుడు బండిపై పట్టాలు పరీక్షిస్తున్న ట్రాలీ మేస్త్రీ ఒకరు మరణించారు.'

"మీ పేరు వేయలేదు సర్," అంది క్యూరేటరు గొంతు తగ్గించి.

"వేసినా చదివేవాళ్లలో నన్నెరిగినవాళ్లెవరమ్మా?" అన్నాడు తమ్ముడు. కాగితాన్ని దగ్గరికి తీసుకుని మొదటి అక్షరంనుంచి చివరి అక్షరందాకా వేలు పెట్టి చదివాడు. "ఎక్కడ పెట్టాలి సంతకం?"

"ఒక్క నిమిషం సర్. నాకో సందేహం ఉంది." క్యూరేటరు కిటికీ కిందికి వంగి ఒక కాలరు మేకునుంచి తీసింది. "వీటిని శుభ్రం చేసింది నేనే. ఆరింటికీ లోపలి వైపు రంగు అలాగే ఉంది. ఎక్కడా గీసుకుపోలేదు. పిడుల మీద కూడా ఒక్క గీత లేదు. పక్క స్టేషన్ కేబిన్‌నుంచి తెచ్చిన కాలర్లు చూడండి, లోపలంతా అరిగి తెల్లబడ్డాయి. అంటే ఇక్కడ వీటినెప్పుడూ వాడలేదు. వాడని కాలరును ఆ రోజు తీసేయడం ఎలా కుదురుతుంది?"

తమ్ముడు ఆ కాలరును చేతిలోకి తీసుకుని లోపలి వైపు చూశాడు.

"ఎంక్వయిరీ చేసిన ముగ్గురు ఆఫీసర్లకూ తట్టలేదమ్మాయ్ ఈ ప్రశ్న. నువ్వప్పుడు పుట్టి ఉంటే కొంప మునిగేది."

అని, బల్ల పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని చెప్పాడు. కాలరు తొడిగితే పిడి మీద గీత పడుతుంది. గీత పడితే షీల్డు రాదు. అందుకని వాళ్ల కేబిన్‌లో కాలరుకు బదులు గుడ్డ వేలాడదీసేవాళ్లు. లాగడానికి వాడేది తెల్ల గుడ్డ. గుర్తుకు వేసేది నీలం గళ్ల గుడ్డ. లీవరు మీద నీలం గుడ్డ ఉంటే ముట్టుకోరు. ట్రాలీ లైనులోకి వెళ్లిన సంగతి పుస్తకంలో రాసే ఉంటుంది, కానీ పుస్తకం ఎవరూ చదవరు. లీవరును చూస్తారు, పుస్తకంలో సంతకం గీకుతారు. రూలు ప్రకారం గుడ్డ అనేదే లేదు కనుక ఎంక్వయిరీలో ఇద్దరూ 'కాలరు' అనే చెప్పారు. నిజం చెబితే ఇద్దరి ఉద్యోగాలూ పోయేవి. అబద్ధం చెబితే ఒక్కడిదే పోయింది.

"మరి ఆ గుడ్డ మీరే తీశారా సర్?"

"తీసే ఉంటాను. ఆ రోజు కుండపోత వాన. నిలువునా తడిసి లోపలికొచ్చాను. చేతులు తుడుచుకున్నానని మాత్రం గుర్తుంది. ఏ గుడ్డతోనో గుర్తులేదు. నీలందే అయ్యుంటుంది. బావ అదే అన్నాడు, ఇంకెవరు తీస్తారు?" రుమాలును నాలుగు మడతలు పెట్టాడు, విప్పాడు. "తర్వాత అది కనపడలేదు కూడా. ఆ గందరగోళంలో దాన్నే ఎవరో పట్టుకెళ్లి మేస్త్రీ తలకు కట్టి ఉంటారు. మెట్లమీదనుంచి చూశాను నేను. ఏదో గుడ్డ కట్టారు. రంగు తెలియలేదు."

క్యూరేటరు ఫోను మోగింది. అచ్చు వేసేవాళ్లు. "రెండే నిమిషాలు," అని మెట్లు దిగి వెళ్లింది. దిగుతూనే పలక కొలతల గురించి మాట్లాడుతోంది. అవతలివాళ్లు ఆగమంటే ఆగడం లేదని గొంతును బట్టి తెలుస్తోంది.

పెద్దావిడ కిటికీ పక్కన నిలబడింది. ఒకదానికి ఒకటి ఎలా కారణమైందో ఆవిడ మనసులో ఎప్పుడో వరసగా పేర్చి ఉంది. కావాలంటే ఏ క్షణంలోనైనా ఆ చివరనుంచి ఈ చివరకు నడిచి రాగలదు.

నీలం గళ్ల గుడ్డలు కుట్టింది ఆవిడే, చిరిగిన దుప్పటిని కత్తిరించి, అంచు మడిచి. రెండు. ఒకటి కేబిన్‌లో ఉంటే ఒకటి ఉతుకులో ఉంటుంది. శనివారం శనివారం ఉతికింది భర్త సంచిలో పెట్టి పంపేది. ఆయన డ్యూటీ దిగేటప్పుడు మాసింది తీసి, ఉతికింది వేసి, మాసింది ఇంటికి తెచ్చేవాడు. ఆ వారం బుధవారం వాన పట్టింది. మూడు రోజుల్లో నూట అరవై రెండు మిల్లీమీటర్లు. శనివారం పొద్దున ఆరింటికి తేమ తొంభై నాలుగు శాతం. ఆ అంకెలు తన చేత్తో రాసినవే. గుడ్డ ఆరలేదు. తడిగుడ్డ పెడితే ఉక్కు తుప్పు పడుతుందని సంచిలో పెట్టలేదు. పెట్టలేదన్న మాట భర్తకు చెప్పడం మరిచిపోయింది. అప్పుడావిడకు మూడో నెల. పొద్దున్నే వాంతులతో సతమతమవుతోంది. ఆయన రెండు కావస్తుండగా, శనివారం కదా అని చెయ్యి తనంతట తానే వెళ్లి పదకొండో లీవరు మీది గుడ్డ తీసింది. మడిచి సంచిలో పెట్టబోతూ, ఉతికినదాని కోసం వెతికి ఉంటాడు. అది లేదు. సరిగ్గా అప్పుడే గంట మోగిందో, తడిసి ముద్దయి బావమరిది లోపలికొచ్చాడో, ఇంటికి వెళ్లాలన్న తొందరో, ఆ ముక్క మాత్రం ఆవిడకు ఎన్నడూ తెలియలేదు. లీవరు ఖాళీగా ఉండిపోయింది.

మూడు గంటలకు ప్రమాదం కబురు వాళ్లుండే రైల్వే క్వార్టర్లకు చేరింది. భర్త ఉన్నపళాన చెప్పులు లేకుండా పరుగెత్తాడు. అన్నం కారియరు కడుగుదామని ఆవిడ సంచి తెరిచింది. కారియరు మీద నీలం గుడ్డ, నాలుగు మడతలతో.

ఉతికింది. ఇంకేం చేయాలో తెలియక ఉతికింది. ఆరవేయడానికి వంటింట్లో తాడు దగ్గరికి వెళితే, అక్కడ మొదటి గుడ్డ ఇంకా చెమ్మగానే వేలాడుతోంది. దాని పక్కనే దీన్నీ వేసింది. రాత్రి భర్త వచ్చి రెండు గుడ్డలనూ చూశాడు. అన్నానికి కూర్చున్నాడు. ఆవిడ వడ్డించింది. తమ్ముడే తీశాడని ఆ వారమే ఎంక్వయిరీలో చెప్పి వచ్చాడు. ఆవిడ కిమ్మనలేదు. మొదటి వారం భయం వల్ల చెప్పలేదు. మొదటి ఏడాది చంటిపిల్ల వల్ల చెప్పలేదు. ఆ తర్వాత, అంతకుముందు చెప్పనందువల్ల చెప్పలేదు.

తమ్ముడి ఉద్యోగం పోయింది. కుదిరిన సంబంధం వెనక్కిపోయింది. కలప అడితిలో తూకం యంత్రం దగ్గర ముప్పై నాలుగేళ్లు కూర్చున్నాడు. భర్త అతన్ని తమ మేడమీద గదిలో పెట్టుకుని, ఎవరైనా ఒక మాట అంటే మీదపడి కొట్టేంతగా వెనకేసుకొచ్చాడు. ట్రాలీ మేస్త్రీ భార్యకు పార్సెలాఫీసులో పని ఇచ్చారు. తమ్ముడు ఆ వీధివైపు మళ్లీ నడవలేదు. అటు వెళ్లాల్సి వస్తే మైలు దూరం చుట్టూ తిరిగి వెళ్లేవాడు.

"ఏమైందక్కా? మెట్లు ఎక్కి ఆయాసమా?"

"గుడ్డ నువ్వు తీయలేదురా," అంది ఆవిడ.

"ఏ గుడ్డ?"

"నీలందే. శనివారం కదా, ఉతుక్కని మీ బావ తీసి సంచిలో పెట్టుకున్నారు. మార్చి వేయడానికి రెండోది లేదు. వానకు ఆరలేదని నేను పంపలేదు. ఆ సాయంత్రం సంచి విప్పింది నేనే. నువ్వు తుడుచుకున్నది తెల్లగుడ్డ అయ్యుంటుంది."

తమ్ముడు చేతిలోని రుమాలు కేసి చూశాడు. బొత్తాం ఎవరో మళ్లీ నొక్కినట్టున్నారు, పక్క హాల్లో ఇంజను చక్రాల చప్పుడు మొదలై, అంతలోనే ఆగింది.

"ఆ సాయంత్రం," అన్నాడు. "ఏం చేశావు దాన్ని?"

"ఉతికాను."

"వాన కదా. ఎక్కడ ఆరేశావు?"

"వంటింట్లో."

"అంటే రెండూ వంటింట్లోనే ఉన్నాయి."

"ఉన్నాయి."

"నేను ఆ రాత్రి మీ ఇంటికొచ్చాను. పీట వేసి అన్నం పెట్టావు."

"అవును. అక్కడే కూర్చున్నావు. నీ వెనకాలే తాడు."

అతను తల వెనక్కి తిప్పి చూశాడు, తాడు అక్కడే ఉన్నట్టు. వెనక గోడ మీద గంట, మ్యూజియం వాళ్లు అతికించిన నంబరు చీటీ తప్ప ఏమీ లేవు.

"నీకు తెలుసని బావకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పుడైనా మాట్లాడుకున్నారా మీరిద్దరూ?"

"ఒక్కసారి కూడా లేదు."

"పోయేముందైనా?"

"మంచినీళ్లడిగారు. నిన్ను పిలవమన్నారు. నువ్వు వచ్చేలోగా పోయారు."

ఆవిడ అతని మొహం చూస్తూ నిలబడింది. చూడాల్సిన బాధ్యత తనదే అనుకుని చూసింది. కోపం రాలేదు అతనికి, లేదా వచ్చింది గానీ ఎటు వెళ్లాలో తెలియక లోపలే నిలబడిపోయింది. కింది పెదవి మాత్రం రెండుసార్లు కదిలింది.

"మేస్త్రీ తలకు కట్టింది ఆ గుడ్డ కాదన్నమాట."

"కాదురా."

"ఇన్నాళ్లూ అదే అనుకున్నాను. కళ్లు మూసుకుంటే గళ్లే కనపడేవి." రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మూడో గుడ్డ ఒకటి కుట్టకపోయావా అక్కా?"

"దుప్పటిలో చిరగని బట్ట రెండింటికే వచ్చింది."

మెట్లమీద అడుగుల చప్పుడైంది. క్యూరేటరు ఆయాసపడుతూ లోపలికొచ్చి, "సారీ సర్. సాయంత్రం నాలుగింటిలోపు పంపకపోతే వచ్చే నెలేనంటున్నారు," అంటూ కలం అందించింది. కాగితం అడుగున గీతలు కొట్టిన జాగా ఉంది: 'పై వివరాలు సరైనవే' అని, దాని కింద సంతకం, తేదీ, సమయం.

తమ్ముడు కలం తీసుకున్నాడు. మూత తీశాడు. నిబ్బు కాగితానికి ఆనించి, ఆనించిన చోట సిరా చుక్క పెద్దదవుతుండగా, మళ్లీ పైకెత్తాడు.

"ఒకసారి చదవకుండా పెట్టాను సంతకం," అన్నాడు క్యూరేటరుతో. "ఆ పుస్తకం ఆ బల్ల మీదే ఉండేది. ఇప్పుడు చదివి పెడదామంటే, ఇందులో రాసింది జరిగిన సంగతి కాదట."

"అర్థం కాలేదు సర్."

అతను కలాన్ని అక్కవైపు చాపాడు.

"నువ్వు రాయి."

"నేనా?"

"చూసింది నువ్వు. ఉతికింది నువ్వు. నాకు తెలిసినదల్లా బావ చెప్పిందే. అంకెలతో సహా రాయి, నీకు గుర్తుంటాయి."

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. కళ్లజోడు మార్చుకుంది. వాతావరణ కేంద్రంలో రాసినంత గుండ్రంగా, దిద్దుబాటు లేకుండా, ఎనిమిది వరసలు రాసింది. తేమ శాతం రాసింది. గుడ్డ కొలత రాసింది. తీసినవారు ఎవరో రాసేచోట తన భర్త పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది. రెండో గుడ్డ పంపనిది తానేనని, పంపలేదని చెప్పనిది తానేనని, నలభై ఒక్క ఏళ్లు తెలిసి ఊరుకున్నదీ తానేనని రాసింది. సంతకం పెట్టి, గోడ గడియారం చూసి సమయం వేయబోయింది. అది ప్రదర్శన గడియారం. రెండూ ఇరవై దగ్గర ఆపి పెట్టారు. తన చేతి గడియారం చూసి పదకొండూ నలభై ఎనిమిది అని వేసింది.

క్యూరేటరు నిలబడే చదివింది. చదివి కూర్చుంది. పెద్దావిడ వంకా, తమ్ముడి వంకా మార్చి మార్చి చూసింది. ఫోను తీసి, "ఇవాళ పంపడం లేదండీ," అంది. అవతలివాళ్లు ఏమన్నారో, "వచ్చే నెలకైనా సరే, పై ఏడాదికైనా సరే," అంది.

కిందికి దిగేటప్పుడు తమ్ముడు మెట్లు లెక్కపెడుతూ దిగాడు. పద్నాలుగు దగ్గర ఆగి, నేలను కాలితో తడిమి చూసుకుని, అప్పుడు అడుగు వేశాడు.

"ఇప్పుడెలా ఉందిరా?" అని అడిగింది ఆవిడ.

"ఏమో అక్కా. ఏమీ లేదు. తూకం ముల్లు ఉన్నచోటే ఉన్నట్టుంది. బరువు తీస్తే సున్నాకు దిగాలి కదా? దిగలేదు." కొంచెం నడిచి, "నీకో?"

"నాకూ అంతే."

మిగతా హాళ్లన్నీ తిరిగి, మ్యూజియం ఫలహారశాలలో చెరో టీ తాగారు. చక్కెర ఎక్కువైందని తమ్ముడు అన్నాడు; ఎక్కువే అయింది. బస్సు కోసం నిలబడి ఉండగా మూడూ పదికి వాన మొదలైంది. అతను గొడుగు విప్పి ఆవిడ మీదికి పట్టాడు. పట్టిన చెయ్యి చాలా దూరంగా చాపి ఉంది. సగం గొడుగు వాళ్లిద్దరి మధ్యా ఖాళీగానే ఉండి, అతని ఎడమ భుజం తడుస్తోంది.

"మీదికి లాక్కోరా, తడుస్తున్నావు."

"పర్వాలేదు. నాకు తడవడం కొత్తా?"

ఆ నెలాఖరుకు అతను మేడమీద గది ఖాళీ చేసి, పార్సెలాఫీసు వీధిలో ఒక అద్దె గదికి మారాడు. ట్రాలీ మేస్త్రీ భార్య అప్పటికి పదేళ్ల కిందటే ఆ వీధి వదిలి కూతురి దగ్గరికి వెళ్లిపోయిందని అక్కడికి చేరాక తెలిసింది. శనివారం మధ్యాహ్నం అక్క ఇంటికి భోజనానికి రావడం మాత్రం మానలేదు. వచ్చినప్పుడు వంటింట్లోకి రాడు. ముందు గదిలో కూర్చుంటాడు, ఆవిడ కంచం అక్కడికే తెచ్చి పెడుతుంది. గుడ్డ మాట ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

నాలుగేళ్ల తర్వాత మ్యూజియం వాళ్లు కేబిన్ పక్కన పలక పెట్టారు. కాలర్లను మేకులకే వదిలేసి, పదకొండో లీవరుకు నీలం గళ్ల గుడ్డ వేలాడదీశారు. ఉతుకు కోసం మార్చడానికని, అలాంటివి మూడు కుట్టించారు.